ఎరుక, సోది: మన ఆడవాళ్ల మాట

మొన్న హాస్టల్లో ఒక పిల్ల కబుర్లు చెబుతుంటే పక్కపిల్ల "సోది ఆపవే" అంది. అందరూ నవ్వారు. మన ఎరుకల పిల్ల ఒకతి తల వంచుకుంది. వాళ్ల నానమ్మ ఊరూరా తిరిగి సోది చెప్పిన మనిషి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సోది, పాత నిఘంటువుల్లో సోదె, అంటే జరగబోయేది చెప్పడం. విసుగు పుట్టించే మాటలనే అర్థం వాడుకలో అంటుకున్నదే. దీనికే ఇంకో మాట ఎరుక. ఎరుక అంటే తెలియడం. తెలంగాణలో ఇప్పటికీ "నాకెరుకే" అంటారు కదా!

మన పేరు ఈ ఎరుక నుంచే వచ్చిందని కొందరు, వేటగాడు అనే అర్థమున్న 'ఎరుకు' నుంచి అని ఇంకొందరు. మనలో మనం కుర్రు అనుకుంటాం, అది వేరు. ఎరుకల అన్నది బయటివాళ్ల పిలుపు. వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లింది బుట్ట, కర్ర పట్టిన మన ఆడవాళ్లే కాబట్టి మొదటిదే నాకు సబబనిపిస్తుంది.

ఎరుక చెప్పే మనిషి కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని తలుచుకుని, ఎదుటామె చెయ్యి పట్టుకుని, ముఖం చూస్తూ మాట కలిపేది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది ఆమెకు చెప్పుకునేవాళ్లు. శ్రీనివాస కల్యాణ కథలో స్వామి ఎరుకలసాని వేషంలోనే ఆకాశరాజు ఇంటికి వెళ్లాడు.

అలాంటి తిరుగుడే తర్వాత అనుమానమైంది. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికీ వచ్చింది, 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. చట్టం 1952లో పోయింది.

ఆ రాత్రి పిల్లలందరికీ ఇదంతా చెప్పాను. ఆదివారం నానమ్మ వస్తే ఆ పిల్ల గేటు దగ్గర మాట్లాడి పంపలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.