కొండకి పోయే సంచి

పెనుకొండ కోట ఎక్కే దారిలో రెండు రకాల సంచులు కనబడతాయి. ఒకటి సెలవురోజుల్లో బెంగళూరు నుంచి వచ్చే కుర్రాళ్ల వీపు మీదది. నైలాను గుడ్డ, రెండు పట్టీలు, పక్కన నీళ్ల సీసా. దాన్ని డేప్యాక్ అంటారు, ఒక్క పూట తిరుగుడుకి సరిపోయే సంచి. రెండోది సీతాఫలాల కాలంలో కొండెక్కే పల్లెలవాళ్లది. కడిగి ఆరేసిన యూరియా సంచి, నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకున్నది. మొదటి సంచి నిండుగా ఎక్కి తేలిగ్గా దిగుతుంది. రెండోది ఖాళీగా ఎక్కి బరువుగా దిగుతుంది. సంచుల చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా మొదటిదాని గురించే రాస్తారు: సైనికులు, పర్వతారోహకులు, వాళ్ల కోసం అల్యూమినియం చట్రాలు కనిపెట్టినవాళ్లు. నాకు రెండోదాని మీద ఆసక్తి. మన కొండల మీద వందల ఏళ్లుగా తిరిగింది అలాంటిదే. చట్టాలు వచ్చి విప్పి చూసిందీ అలాంటిదాన్నే.

సంచికి తెలుగులో మాటలకేం కొదవ లేదు. భిక్షకుడిది జోలె. తోలుది తిత్తి. వలలాగా అల్లినది చిక్కం. తాంబూలానిది అడపం, రాజుల దగ్గర దాన్ని మోయడం ఒక ఉద్యోగం కూడా. ఎద్దు మీద వేసేది పెరిక. ప్రయాణికుడి భుజాన వేలాడేది అసిమి. హిందూపురం వైపు తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో నానుతుంటాయి కాబట్టి ఇదే మాట కన్నడంలో హసిబె అని వినబడుతుంది. పొడుగాటి గుడ్డసంచి, రెండు చివర్లూ మూసుకుపోయి, నోరు నడిమధ్యలో ఉంటుంది. భుజాన వేస్తే ముందొక పొట్ట, వెనకొక పొట్ట. రెండువైపులా సమంగా నింపుకుంటే మనిషి ఒక పక్కకి ఒరగడు. నోరు భుజం మీదే నొక్కుకుపోతుంది కాబట్టి దొంగ చెయ్యి పెట్టడం కష్టం. వీపుసంచికి రెండు పట్టీలు ఎందుకు పెడతారో దీనికి రెండు పొట్టలు అందుకే.

పెరిక కథ పెద్దది. మధ్యయుగపు తెలుగు శాసనాల్లో సుంకాల లెక్క పెరికల్లో కనబడుతుంది. జనుము గోనె నేసి, పెరిక ఎద్దుల మీద సరుకు తోలినవాళ్లకి ఆ సంచి పేరే కులం పేరైంది. 1791-92లో టిప్పు మీదకి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండి అందించింది కూడా ఉప్పూ ధాన్యమూ మోసే లంబాడీల ఎడ్ల బిడారులే. ఆ తర్వాత రెండు దెబ్బలు పడ్డాయి. 1855లో బెంగాల్లోని రిష్రాలో జనపనార మిల్లు మొదలై చవక గోనె దేశమంతా పాకింది. 1890లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా రైలుదారి పడి పెరిక ఎద్దు పని తీసేసింది. ఎద్దు పోయింది గానీ మనిషి భుజం మీది సంచి పోలేదు. రైలు కొండెక్కదు కదా.

కొండకి పోయే మనిషి అంటే ఈ సీమలో ముందు గుర్తొచ్చేది కురుబ కాపరి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన చూస్తే గొప్ప అనుకునే నేల ఇది. ఇక్కడ గొర్రె లేకుండా బతుకు లేదు. కాపరి సంచి నిజానికి సంచే కాదు, కంబళి. గొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. ఆ గంజి వల్ల వాన నీళ్లు తొందరగా లోపలికి దిగవు. తలమీదుగా ముడి వేసుకుంటే గొడుగు. రాతి మీద పరిస్తే పడక. నాలుగు కొసలు కలిపితే మూట. మంద వెంబడి పోతుంటే దారిలో ఈనిన గొర్రెపిల్లని అందులోనే చుట్టి తెస్తారు. తడిస్తే కంబళి మహా బరువు, ఒప్పుకోవాల్సిందే. కానీ బరువు తగ్గించుకోవడానికి ఈనాటి నడకరులు చెప్పే మొదటి సూత్రమేమిటి? ఒక్కో వస్తువూ ఒకటికి మించి పనులు చెయ్యాలని. కంబళి నాలుగైదు చేస్తుంది. తక్కిన సామానంటారా, గుడ్డలో కట్టిన సద్దిమూట, అందులో సంగటి ముద్ద, కాసిన్ని బుడ్డలు. నీళ్లకి ఎండిన సొరబుర్ర. బుర్రకి బరువే ఉండదు, పగిలితే పెరట్లో ఇంకొకటి కాస్తుంది.

మన సాహిత్యంలో సామాను లేకుండా కొండకి పోయి చిక్కుల్లో పడినవాడు ఒకడే గుర్తొస్తాడు, పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు. కాళ్లకి పసరు పూసుకుని హిమాలయం చూడబోయాడు, మంచుకి పసరు కరిగిపోయింది, ఇంటికి దారి లేదు. ఆ పసరు ఇచ్చిన సిద్ధుణ్ణి పెద్దన ఎంత వివరంగా తయారుచేశాడో చూడండి. తలకి పులితోలు, నడుముకి జింకతోలు పట్టీ, చేతిలో పొట్టి ఊతకర్ర, జలపాత్ర. తిరిగేవాడు ఏం పట్టుకుపోతాడో ఆ కవికి బాగా తెలుసు. అతిథి సామాను చూసైనా ఆతిథేయి నేర్చుకోలేదు.

సిద్ధుడి జింకతోలు దగ్గర్నించి ఖాళీ సంచిలో పడే ఒకానొక వస్తువు దగ్గరికి వస్తాను. రాలిన కొమ్ము. అమెరికాలో చలికాలం వెళ్లాక జింకలు రాల్చిన కొమ్ములు ఏరుకోవడం ఒక పెద్ద సరదా. దానికి కుక్కల్ని కూడా తర్ఫీదు చేస్తారు. దానికి పనికొచ్చే సంచి చిన్నగా, తేలిగ్గా ఉండాలి, బయట కట్టుకోవడానికి పట్టీలుండాలి, ఎందుకంటే కొమ్ము ఏ సంచిలోనూ ఇమడదు. బరువు కాదు దాని ఇబ్బంది, ఆకారం. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకి గూళ్లు తెచ్చే రైతుకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గూడు దూదిపింజంత తేలిక, కానీ నొక్కకూడదు, గాలాడాలి, కుక్కితే ఉడికిపోతుంది. అందుకే పెద్ద సంచిలో వదులుగా పోసి తెస్తాడు. సంచిని తూకం చూసి ఎంచుకోవాలా, చోటు చూసి ఎంచుకోవాలా అన్నది సరుకుని బట్టి ఉంటుంది.

ఇక్కడ భాషతో ఒక పేచీ ఉంది. తెలుగులో అన్నీ కొమ్ములే. ఆవు కొమ్ము, ఇర్రి కొమ్ము, దుప్పి కొమ్ము. కానీ ఇర్రి, అంటే మగ కృష్ణజింక, కొమ్ము రాల్చదు. లోపల ఎముక, పైన తొడుగు, చచ్చేదాకా తలమీదే ఉంటుంది. దుప్పి, కణితి మాత్రం పాత కొమ్ములు రాల్చేసి కొత్తవి మొలిపించుకుంటాయి. ఒక్కో కొమ్ముకి మామూలుగా మూడు కొనలు. అనంతపురం మైదానాల్లో చేలమీద పడే మందలు కృష్ణజింకలవి. కణితికీ దుప్పికీ ఈ బోడికొండల కన్నా నల్లమల, శేషాచలం లాంటి అడవులు నెలవు. కాబట్టి ఇటువైపు ఎవరి చేతిలోనైనా ఇర్రి కొమ్ము ఉంటే అది నేలమీద రాలి దొరికింది కాదు, జంతువు చచ్చిందనే లెక్క. ఈ తేడా తెలియక 'దొరికింది' అనే మాటని నమ్మేవాళ్లు చాలామంది.

కొమ్ము ఏరుకోవడం మాత్రం చాలా పాత అలవాటు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి శవం దాదాపు 5,300 ఏళ్ల నాటిది. అతని పక్కన వంచిన కర్రతో చేసిన చట్రం ఒకటి దొరికింది, వీపుకి తగిలించుకునే సామాను చట్రమని ఎక్కువమంది అభిప్రాయం. అతని అంబులపొదిలో నార చుట్టిన జింకకొమ్ము ముక్కలున్నాయి. చెకుముకి రాయి అంచు పదును పెట్టడానికి కర్రలో దిగ్గొట్టిన కొమ్ము మొన కూడా ఉంది. మన దగ్గర ఆయుర్వేదంలో శృంగభస్మం దీన్నుంచే. పాత ఇళ్లలో దుప్పి కొమ్ము ముక్క ఒకటి దాచుకుని, సానరాతి మీద అరగదీసి వాపులకి పట్టు వేసేవాళ్లు. అటు షెఫీల్డ్ కత్తులవాళ్లకి భారతదేశపు కణితి కొమ్ము పిడి అంటే ప్రాణం. అంటే అడవిలో ఎవరో వంగి తీసిన కొమ్ము ఇంగ్లండు దొర భోజనాల బల్ల మీద మాంసం కోసేది. మధ్యలో ఎన్ని సంచులు మారిందో!

1876-78 కరువు బళ్లారి జిల్లాని తుడిచిపెట్టింది. అప్పటికి ఈ మూడూళ్లూ ఆ జిల్లాలోవే. చేను ఎండిపోయినప్పుడు మిగిలేది కొండే. దుంప, ఆకు, పండు, తేనె, కట్టెలు. కరువు వెళ్లి నాలుగేళ్లు తిరక్కుండా 1882లో రెండు పనులు జరిగాయి. బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. అదే ఏడాది మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండల చుట్టూ రిజర్వు గీతలు పడ్డాయి. మేపుకి రుసుము, కట్టెకి పర్మిట్టు. చెట్టూ ఆకూ మాత్రమే కాదు, తోలూ కొమ్మూ కూడా అటవీ ఉత్పత్తుల జాబితాలోకి ఎక్కాయి. అంతకుముందు దిగి వచ్చేవాడి సంచిలో ఏముందో అతని ఇంట్లోవాళ్లు అడిగేవాళ్లు, ఇప్పుడు గార్డు అడగడం మొదలైంది. ఫిర్యాదులు ఎంత పెరిగాయంటే 1912లో మద్రాసు ప్రభుత్వమే వాటిని వినడానికి ఒక కమిటీ వెయ్యాల్సి వచ్చింది. పదేళ్లకి పల్నాడులో పుల్లరి గొడవ కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దారి వేరు. దాని ఉద్దేశం ఆదాయం కాదు, జంతువుల ప్రాణం. ఈ విషయంలో నేను చట్టం పక్షమే. రాలిన కొమ్ముకి ధర ఉన్నంతకాలం తలమీది కొమ్ముకీ ధర ఉంటుంది, నరికిన కొమ్ముని రాలిందని చెప్పి అమ్మడం కష్టమేమీ కాదు. మొదలు చూస్తే తెలిసినవాడు చెప్పగలడు గానీ, ముక్కలుగా కోశాక ఎవడు చెప్పగలడు? అందుకే కొమ్ము, గోరు, పన్ను, వెంట్రుక అన్నీ చట్టం దృష్టిలో ట్రోఫీలే. ప్రభుత్వ ఆస్తి అయిన అలాంటి వస్తువు చేతికొస్తే 48 గంటల్లో పోలీసు స్టేషన్లోనో అధికారికో చెప్పాలి.

నాకు మింగుడు పడనిది ఇంకొకటి. చట్టం వచ్చిన కొత్తలో, అప్పటికే ఇళ్లలో ఉన్న ట్రోఫీలని ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం తీసుకోవచ్చన్నారు. 2003లో మళ్లీ ఒకసారి గడువిచ్చారు. గడువు ఇవ్వకపోతే ఎలాగని అడగొచ్చు, నిజమే. కానీ ఆ కాగితం ఎవరికి అందింది? తుపాకీ ఉన్నవాడికి, గోడ ఉన్నవాడికి, నోటిఫికేషన్ చదివి దరఖాస్తు పెట్టగలిగినవాడికి. కాల్చి చంపిన కణితి తల బంగళా గోడ మీద ధ్రువపత్రంతో నిలబడగలదు. ఎవరినీ చంపకుండా, మంద వెనక నడుస్తూ వంగి ఎత్తుకున్న కొమ్ము ముక్క కాపరి అటక మీద నేరంగా మిగిలిపోయింది. కంబళి మూటకి రసీదు ఉండదు.

ఈ చరిత్రంతా చదివి పెనుకొండకో లేపాక్షి చుట్టుపక్కల గుట్టలకో బయల్దేరేవాళ్లకి సంచి గురించి నా అభిప్రాయం. ఇరవై లీటర్ల సంచి చాలు, ఖాళీ సంచి అరకిలోకి అటూ ఇటూ ఉంటే మేలు. మరీ పల్చటి నైలాను కొనకండి. రేగుముళ్లూ తుమ్మముళ్లూ ఒక్క పూటలో దాన్ని జల్లెడ చేస్తాయి, కాస్త బరువైనా మందమైన గుడ్డే నయం. లోపలి బరువులో పెద్ద వాటా నీళ్లకివ్వండి. ఎండాకాలంలో మనిషికి రెండు లీటర్లు తక్కువే, బండలు సెగలు కక్కుతాయి. పట్టీలు వెడల్పుగా, వీపుకి గాలి తగిలేలా ఉండాలి. బయట సామాను కట్టుకునే పట్టీల మీద డబ్బు తగలెయ్యకండి, ఇక్కడ కట్టుకు తెచ్చుకోవాల్సిందేమీ లేదు. దిగేటప్పుడు సంచిలో కొంచెం చోటు మిగిలితే, మనకన్నా ముందు ఎక్కినవాళ్లు పారేసిన సీసాలు బోలెడు.

ఎప్పుడైనా నల్లమల దిక్కు నడుస్తూ రాలిన కొమ్ము కనబడితే దగ్గరికి పోయి చూడండి, ఎత్తకండి. కొసల దగ్గర, మొదలు దగ్గర సన్నని గాడులు వరసగా కనబడొచ్చు. అవి ఏదుపంది పళ్ల గుర్తులు. రాలిన కొమ్ములో సున్నమూ భాస్వరమూ ఉంటాయి, ఏదుపంది వాటి కోసమే దాన్ని కొరుకుతుంది. ఒక్కోసారి జింకలే వచ్చి నములుతాయి. అలా కొమ్ము కొంచెం కొంచెంగా అరిగిపోయి, కొన్నాళ్లకి అక్కడ వేలెడు ముక్క కూడా మిగలదు.