5.6 సెకన్లు

2018 మార్చి 18, ఆదివారం. రాత్రి పది కావస్తోంది. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని టెంపీ. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకునే యూనివర్సిటీ ఉన్న ఊరే. మిల్ అవెన్యూ మీద వాన లేదు, మంచు లేదు, వీధిదీపాలు వెలుగుతున్నాయి.

నలభై తొమ్మిదేళ్ల ఒకామె సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. హ్యాండిల్‌కి ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి. జీబ్రా క్రాసింగ్ ఇంకో 360 అడుగుల అవతల ఉంది. డివైడర్ మీద మాత్రం ఇటుకలు పరిచి చక్కగా బాట వేసి ఉంది. ఇక్కడ దాటొద్దని బోర్డూ ఉంది. బాట వేసి, దాటొద్దని బోర్డు పెడితే కాళ్లు దేని మాట వింటాయి? (తర్వాత ఆ ఇటుకలు తీసేసి మొక్కలు నాటారు.)

సైకిల్‌కి రిఫ్లెక్టర్లు లేకపోలేదు. ముందూ ఉంది, వెనకా ఉంది. ముందు లైటు కూడా ఉంది. అవన్నీ ఎదురుగానో వెనక నుంచో వచ్చే బండ్లకే పనికొస్తాయి. ఆమె రోడ్డుకి అడ్డంగా నడుస్తోంది. వచ్చే కారు వైపున్నది సైకిల్ పక్క భాగం, అటు మెరిసేది ఏదీ లేదు. ఒంటి మీద ముదురు రంగు బట్టలు.

వస్తున్నది ఉబర్ పరీక్షిస్తున్న వోల్వో. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో తనంతట తానే నడుస్తోంది. చీకట్లో ఆమె కనబడలేదేమో అనుకుంటాం. కాదు. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే, అంటే వంద మీటర్ల దూరం నుంచే, రాడార్ పసిగట్టింది.

కనబడింది గానీ పోల్చుకోలేకపోయింది. మొదట 'వాహనం' అనుకుంది. తర్వాత 'ఇంకేదో'. మళ్లీ వాహనం, మళ్లీ ఇంకేదో. 2.6 సెకన్లు మిగిలాక 'సైకిల్'. పేరు మార్చినప్పుడల్లా ఆమె అప్పటిదాకా ఎటు కదిలిందన్న లెక్క చెరిపేసి మొదటికొస్తోంది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి దాటుతాడన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదు. రోడ్డు దాటే జనాన్ని ఎన్నడూ చూడనివాళ్లు రాసినట్టుంది.

1.2 సెకన్ల దగ్గర ప్రమాదమని తేలింది. అప్పుడైనా బ్రేకు పడాలి కదా! పడలేదు. ఉత్తుత్తి అనుమానాలకు సడన్ బ్రేకు పడకూడదని, ఒక సెకను ఆగి చూడమని ముందే కట్టడి పెట్టారు. వోల్వోకి సొంతంగా ఉన్న అత్యవసర బ్రేకునూ ఆపేసి ఉంచారు. 0.2 సెకన్లు మిగిలాక అలారం మోగింది.

స్టీరింగ్ ముందు మనిషి ఉన్నారు. చూపు ఫోన్లో నడుస్తున్న టీవీ షో మీద. కొన్ని నెలల కిందటి దాకా ఈ కార్లలో ఇద్దరు కూర్చునేవారు, ఒకరిని తీసేశారు. తలెత్తి స్టీరింగ్ పట్టేసరికే ఆలస్యమైపోయింది. బ్రేకు పడింది ఢీకొట్టిన 0.7 సెకన్ల తర్వాత.

ఆమె బతకలేదు. ఉబర్ మీద క్రిమినల్ కేసు నిలవదని 2019లో ప్రాసిక్యూటర్లు తేల్చేశారు. డ్రైవరు 2023లో నేరం ఒప్పుకున్నారు, మూడేళ్ల ప్రొబేషన్ పడింది. సెకను ఆగమని రాసినవాళ్ల మీద ఏ కేసూ లేదు.