గాలి తగిలితేనే రంగు

పొద్దున ఏడు. సోలాపూర్ భద్రావతి పేఠ్ సందులోకి తిరగ్గానే సాంచాల, అంటే మరమగ్గాల మోత మీ మాటను మింగేస్తుంది. ఇక్కడ సగం మాట పెదవులది, సగం చేతులది. గడపలో అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. లోపల చద్దరు మీద నెమలి సగం దిగింది.

తాత సాంచా ఆపాడు. గొంతులో కణితి, మాట గాలిలాగే వస్తుంది. మెడ మీద చర్మం ఎండకు మాడినట్టు నల్లబడింది. ఇవాళ పద్నాలుగో కరెంటు, అంటే రేడియేషన్. రోజుకు 2 గ్రేలు, వారానికి 5 రోజులు, మొత్తం 35 సార్లు.

"ఒక్కసారే పెట్టి పారేయొచ్చు గదా బిడ్డా?"

హైదరాబాద్‌లో కణాల ల్యాబులో చదివే మనవరాలు ఫోను ముందుకు చాపింది. మీరూ వంగి చూడండి. అర మిల్లీమీటరు ఉండ, నడుమ నల్లగా. అగరోజ్ పూసిన గిన్నెలో కణితి కణాలు వేస్తే, అంటుకోను నేల దొరక్క ఒకదాన్నొకటి పట్టుకుని ఇలా ఉండ కడతాయి. 1971లో సదర్లాండ్ బృందం వీటిని కణితికి నమూనాగా చూపింది. ఢిల్లీ ఇన్మాస్ పరిశోధన సంస్థలో మెదడు కణితి కణాలతోనూ పెంచారు.

"రంగుల ముంచే నూలు చిలప బిగుతుగ కడితే నడుమ తెల్లగ మిగుల్తది. గట్లనా?"

"కాదు తాతా. కరెంటు నడుమ దాక పోతది. పోనిది ఆక్సిజన్."

అంచు నుంచి 150-200 మైక్రాన్లు దాటితే ఆక్సిజన్ దాదాపు అందదు. రేడియేషన్ డీఎన్ఏను తెంపుతుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ తెగుడు ఖాయమవుతుంది. అది లేని కణాన్ని చంపడానికి రెండున్నర, మూడు రెట్ల మోతాదు కావాలి.

తాత కళ్లు మెరిశాయి. "వ్యాట్ రంగు లెక్క! తొట్లెకెళ్లి తీసి గాలికేస్తేనే రంగు తేలుతది."

తర్వాతి ఫోటో, కరెంటు పెట్టిన మర్నాడు. ఉండ చిన్నదవలేదు, కాస్త పెరిగింది కూడా. దెబ్బతిన్న కణం అప్పుడే చావదు. రెండుగా చీలబోయినప్పుడు తెగిన పోగు బయటపడుతుంది. మరో నాలుగు ఫోటోలు దాటాక పై పొర పొట్టులా రాలింది, పెరుగుదల ఆగింది. ఆఖరి దాంట్లో ఉండ మళ్లీ ఉబ్బుతోంది.

"ఇది?" అన్నాడు తాత, వేలు దానిమీదే ఉంచి.

"ఒక్కసారే పెట్టినది. నడుమ మిగిలిన కణాలు మళ్ల మొదలువెట్టినయి. పై పొర పోయినంక లోపలి దానికి గాలి తగుల్తది. గప్పుడే ఇంకోసారి పెట్టాలె. రెండు కరెంట్ల నడుమ వచ్చే రాత్రి, మంచి కండ తనను తాను బాగు చేసుకుంటది."

తాత ఏమీ అనలేదు. తెగిన పడుగు పోగొకటి కనిపిస్తే ముడేసి, చొక్కా తొడుక్కున్నాడు. సాంచా పక్క గోడ మీద సుద్దగీతలు 13. పద్నాలుగోది తిరిగొచ్చాక.