ఎందరు పడితే సామూహిక కాల్పులు?

అమెరికాలో సామూహిక కాల్పులు జరిగాయన్న వార్త రాగానే, అక్కడ పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. ఈ ఏడాది ఇలాంటివి వందల్లో జరిగాయని ఒక పత్రిక రాస్తే, వేళ్లమీద లెక్కపెట్టవచ్చని మరొకటి రాస్తుంది. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. కొలిచే కుంచం వేరు.

ఈ మాటకు అమెరికా చట్టంలో ఒకే నిర్వచనం లేదు. ఒకే ఘటనలో నలుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది హతమైతే సామూహిక హత్యగా ఎఫ్‌బీఐ చాలాకాలం లెక్కించింది. 2013 జనవరిలో అమలుకు వచ్చిన చట్టం ఆ సంఖ్యను మూడుకు తగ్గించింది. గన్ వయలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ చావులను కాదు, తూటా తగిలినవారిని లెక్కిస్తుంది. కాల్చినవాడు కాక నలుగురికి తగిలితే చాలు, ఒక్కరూ చనిపోకపోయినా సామూహిక కాల్పులే. కుటుంబ కలహమా, ముఠా తగాదానా అని అది చూడదు. కొందరు పరిశోధకులు మాత్రం వాటిని తీసివేసి, బహిరంగ స్థలాల్లో జరిగినవే లెక్కిస్తారు. ఎఫ్‌బీఐ వాడే ‘యాక్టివ్ షూటర్’ అనే మాటకు సంఖ్యతో పని లేదు. జనమున్న చోట చంపడానికి పూనుకుంటే చాలు.

మన చట్టంలో సామూహిక కాల్పులు అనే ప్రత్యేక నేరం లేదు. ఒకరిని చంపినా పదిమందిని చంపినా నేరం పేరు హత్యే. పోలీసులు కాల్చితే అది ‘పోలీసు కాల్పులు’ అనే వేరే పద్దులోకి పోతుంది.

ఆ పద్దు సంగతి మా బోథ్ ఉన్న ఆదిలాబాద్ జిల్లాకు బాగా తెలుసు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూమి హక్కుల కోసం గిరిజన రైతు కూలీ సంఘం తలపెట్టిన సభకు గోండులు తరలివచ్చారు. సభకు అనుమతి లేదన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. 60 మంది అని కొందరు, వంద దాటిందని మరికొందరు నేటికీ చెబుతారు. జలియన్‌వాలాబాగ్‌లోనూ ఇంతే. 1919లో అక్కడ చనిపోయింది 379 మంది అని అధికార లెక్క, వెయ్యి వరకు ఉంటారని కాంగ్రెస్ విచారణ.

ఈ తేడా ఊరికే రాదు. తూటా గాయంతో ఆసుపత్రికి పోకుండా, భయపడి ఊరు చేరి చనిపోయినవాడు ఏ రిజిస్టరులోనూ ఎక్కడు. కుంచం ఏదైనా, అందులో పోయని గింజ కొలతకు రాదు.

కాబట్టి కాల్పుల లెక్క చదివినప్పుడు నాలుగు సంగతులు అడగాలని పాఠకులకు మా మనవి. లెక్కించింది చనిపోయినవారినా, గాయపడినవారినా? ఎందరి నుంచి లెక్క మొదలుపెట్టారు? కాల్చింది ఎవరు? లెక్క రాసింది ఎవరు? ఇంద్రవెల్లిలో ప్రతి ఏప్రిల్ 20న స్థూపం దగ్గరకు వచ్చేవారికి ఈ చివరి ప్రశ్న ఇంకా తీరలేదు. వారి ఇంటి మనిషి ఆ 13 మందిలో ఉన్నా లేకపోయినా, పోయినవాడు పోయినవాడే. అతని పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.