నొప్పికి పగ్గము

నొప్పిని విద్యుత్తుతో అణచుట ఆధునికుల ఊహ యని తోచవచ్చును. కాని దాని చరిత్ర రోమను సామ్రాజ్యము నాటిది. క్రీ. శ. 47 ప్రాంతమున స్క్రిబోనియస్ లార్గస్ అను వైద్యుడు తన గ్రంథమున వాతరక్తమునకు ఒక చికిత్స చెప్పెను: రోగి తడిసిన సముద్రతీరమున నిలిచి, సజీవమైన టార్పిడో చేపను పాదముల క్రింద నుంచుకొని, మోకాలి దనుక తిమ్మిరెక్కువరకు ఓర్చుకొనవలెను. ఆ చేప విడుచు విద్యుత్తే ఔషధము. దాని మోతాదు మాత్రము రోగి వశమున లేదు.

ఇట్టి చికిత్స ఏల ఫలించునో వివరించు సిద్ధాంతము 1965లో వెలువడెను. వెన్నుపాములో ద్వారము వంటి ఏర్పాటు కలదనియు, స్పర్శను తెచ్చు లావైన నాడీతంతువులు మేల్కొన్నపుడు నొప్పికి ఆ తలుపు మూతపడుననియు మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలినచోట మనము రుద్దుకొనుటలోని మర్మమును ఇట్లే చెప్పుదురు. వివరములు తరువాత సవరింపబడినను, ఆ భావన నూతన మార్గము తెరచెను. 1967లో అమెరికాలో నార్మన్ షీలీ ఒక రోగి వెన్నుపాము చెంత విద్యుత్ సాధనమును అమర్చెను. 1970 తరువాతి సంవత్సరములలో, శస్త్రచికిత్స అక్కరలేక, చర్మముపై అంటించు పట్టీలతో పనిచేయు చిన్న యంత్రములు వ్యాప్తిలోనికి వచ్చెను.

ఈ యంత్రపు మీట రోగి చేతిలో నుండును. ప్రవాహమును హెచ్చించుటయు తగ్గించుటయు అతని పనియే. యంత్రము వ్యాధిని మాన్పదు. అందరికిని ఉపశమన మీయదు. గుండెలో పేస్‌మేకరు గలవారు వైద్యుని అనుమతి లేక వాడరాదు. అయినను నొప్పి యెంతయో అనుభవించువాడే యెరుగును. అతని మాటను ప్రమాణముగా గైకొనుటయే ఈ సుదీర్ఘ చరిత్రలో వైద్యము నేర్చిన పాఠము.