కౌలుకు నోటి మాటే ఆధారం
హక్కులున్నా కాగితం లేక రైతుకు అందని రుణం

ఎడపల్లి: నిజాంసాగర్ ఆయకట్టు, అలీసాగర్ ఎత్తిపోతల నీటితో సాగయ్యే ఎడపల్లి, బోధన్ ప్రాంతాల్లో కౌలు సేద్యం కొత్తదేమీ కాదు. అయితే యజమానికీ, కౌలుదారుకూ మధ్య ఒప్పందం చాలావరకు నోటి మాటతోనే ముగుస్తుంది. పత్రం రాసిస్తే భూమి చేజారుతుందన్నది యజమాని భయం.

ఈ భయానికి మూలం 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం. ఆనాడు నిర్ణీత కాలం వరుసగా సాగుచేసిన వారిని ఈ చట్టం రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. తర్వాత 38-ఇ సెక్షన్ కింద వారిలో అనేకులకు యాజమాన్య ధ్రువపత్రాలు లభించాయి. వితంతువులు, మైనర్లు, వికలాంగులు, సైనికులు వంటి కొద్దిమందికి తప్ప ఇతరులు భూమిని కౌలుకివ్వడంపై ఆంక్షలు విధించింది. రైతును కాపాడేందుకు వచ్చిన నిబంధనే కౌలును చాటుకు నెట్టిందనక తప్పదు.

చెరకు విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టం. ఒకసారి నాటిన తోట నుంచి కార్శి పంట కూడా తీయాలంటే సుమారు రెండేళ్లు భూమి చేతిలో ఉండాలి. ఏడాది మాటపై భూమి తీసుకున్నవాడికి ఆ ధీమా ఎక్కడిది? పైగా శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది.

యజమానుల భయం పోగొట్టేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. దీనికింద రెవెన్యూ అధికారులు ఇచ్చే రుణ అర్హత కార్డు ఏడాదిపాటు చెల్లుతుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం పొందడానికే అది పనికొస్తుంది. భూమిపై యజమాని హక్కుకు దానివల్ల ఎలాంటి భంగం ఉండదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దీని స్థానంలో పదకొండు నెలల ఒప్పందంతో కొత్త చట్టం వచ్చింది. తెలంగాణలో మాత్రం కార్డుల జారీ క్రమంగా సన్నగిల్లింది.

ఫలితంగా సాయమంతా పట్టాదారు పాసుపుస్తకం వెంటే నడిచింది. 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా పట్టాదారులకే దక్కాయి. కౌలు రైతు మరణిస్తే, సొంత పట్టా లేని కుటుంబానికి ఆ రూ.5 లక్షల బీమా అందలేదు. 2025 జనవరి 26న రైతుభరోసా కింద ఎకరాకు ఏడాదికి రూ.12 వేల చొప్పున చెల్లింపులు ప్రారంభమైనప్పుడూ సొమ్ము భూయజమానుల ఖాతాల్లోనే పడింది.

కౌలుదారుకూ బాధ్యతలున్నాయి. కౌలు బకాయి పడినా, భూమిని పాడుచేసినా, మరొకరికి తిరిగి కౌలుకిచ్చినా 1950 చట్టం ప్రకారం హక్కు కోల్పోయే ప్రమాదం ఉంది. చెల్లించిన సొమ్ముకు యజమాని నుంచి రసీదు అడిగి తీసుకోవడం మేలు. వివాదం వస్తే అదే ఆధారం.

బ్యాంకు తలుపులు పూర్తిగా మూసుకోలేదు. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో కౌలుదారులు, నోటి ఒప్పందంపై సాగుచేసేవారు, పాలుకు చేసేవారు అర్హులే. నాలుగు నుంచి పది మంది కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా ఏర్పడితే భూమి తనఖా లేకుండానే రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వాయిదా ఒకరు తప్పితే మిగిలినవారంతా బాధ్యులవుతారు కనుక, బృందంలో ఎవరిని చేర్చుకోవాలో ముందే ఆలోచించుకోవాలి.