‘అందరు’, ‘ఒకరు’: రెండు మాటల చరిత్ర

“పిల్లలందరు రాలేదు” అని ఎవరైన చెప్పినచో వినువారు దేనిని గ్రహింపవలెను? ఒక్కరును రాలేదనియా? కొందరు వచ్చి, కొందరు మానిరనియా? ఇంటిలో మాటలాడుకొనునపుడు సందర్భమే అర్థమును తేల్చును. గణితమునందును, చట్టమునందును సందర్భమును నమ్ముకొనిన చాలదు. ‘అందరు’, ‘ఒకరు’, ‘లేదు’ అను మాటలలో ఏది దేనిపై అధికారము వహించుచున్నదో స్పష్టముగా నిర్ణయింపవలెను. చూచుటకు చిన్నదైన ఈ పనికి రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది.

క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తర్కశాస్త్రమునకు పునాది వేసెను. అందరు ఇట్టివారు, ఎవరును ఇట్టివారు కారు, కొందరు ఇట్టివారు, కొందరు ఇట్టివారు కారు అని వాక్యములను నాలుగు విధములుగా విభజించి, రెండు వాక్యములనుండి మూడవది ఎప్పుడు సిద్ధించునో చూపెను. ఆ తరువాత తర్కము ఒక్క అడుగైనను ముందుకు వేయలేదనియు, అది పూర్తియైన శాస్త్రముగా తోచుచున్నదనియు జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1787లో వ్రాసెను.

కాని అది పూర్తి కాలేదు. మధురలో 1806లో జన్మించిన ఆంగ్ల గణితజ్ఞుడు డిమోర్గన్ 1847లో ఒక చిక్కును చూపెను. మానవుడు జంతువు, కావున మానవుని తల జంతువు తల. దీనిని కాదనువారు లేరు. అయినను అరిస్టాటిల్ పద్ధతి దీనిని నిరూపింపజాలదు. ‘ఒకదానికి చెందిన మరియొకటి’ అను సంబంధమునకు ఆ నాలుగు విధములలో చోటు లేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మాటల వరుసలో నున్నది. “ప్రతి మనుష్యునకు ఒక తల్లి కలదు” అనుట సత్యము. “ఒక తల్లి కలదు, ఆమె ప్రతి మనుష్యునకు తల్లి” అనుట అసత్యము. మాటలు అవియే, వరుస మారినది, సత్యము తారుమారైనది.

ఇది పసిపిల్లలు మాత్రమే చేయు పొరపాటు కాదు. ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ 1821లో అనంత శ్రేణులను గూర్చి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. అవిచ్ఛిన్నములైన ప్రమేయములను వరుసగా కూడినపుడు, ఆ మొత్తము ఒక పరిమితిని చేరునేని, అదియు అవిచ్ఛిన్నమే యగునని దాని సారాంశము. 1826లో ఆబెల్ దానికి అపవాదమును చూపెను. ఆనాటి మాటలకు కోషీ ఉద్దేశించిన అర్థమును గూర్చి చరిత్రకారులలో వాదములున్నను, లోపమెక్కడిదో నేడు స్పష్టము. ప్రతి బిందువు వద్దను ఎన్నియో కొన్ని పదములు కూడిన చాలునట. అన్ని బిందువులకును ఒకే సంఖ్య చాలునట. ఈ రెండును ఒకటి కావు. మొదటిది ఎవరి తల్లి వారికి. రెండవది అందరికి ఒకే తల్లి.

ఈ భేదమును తప్పులేకుండ వ్రాయుటకు లిపి కల్పించినవాడు యేనా విశ్వవిద్యాలయమునందు గణితము బోధించిన ఫ్రేగె. 1879లో హాలె నగరమున వెలువడిన ఆయన చిన్న గ్రంథమునకు ‘భావలిపి’ అని అర్థము వచ్చు పేరు. వాక్యమును కర్తగను విధేయముగను విడదీయుట మాని, ఆయన దానిని ఖాళీ తావు గల అచ్చుగా భావించెను. ‘ఎవరు మనుష్యులో వారు మర్త్యులు’ అను మన తెలుగు వాక్యనిర్మాణము ఆ భావమునకు మిక్కిలి దగ్గర. ‘అందరు’, ‘ఒకరు’ అను పరిమాణవాచకములు ఆ తావును ఎంతవరకు ఏలునో, ఏది ముందు, ఏది వెనుక యో ఆ లిపియే చూపును. కొలది కాలమునకే, 1883లో అమెరికాలో పియర్స్ శిష్యుడగు మిచెల్, పిమ్మట పియర్స్, వేరుగా ఇట్టి పద్ధతినే కనుగొనిరి. ఫ్రేగె లిపి నిలువుగను అడ్డముగను సాగు వింత లిపి యగుటచే నాడు చదివినవారు స్వల్పులు.

1891లో ఇచ్చిన ఒక ఉపన్యాసమున ఫ్రేగె ‘సత్యవిలువ’ అను భావమును ప్రవేశపెట్టెను. రెండును మూడును కూడిన విలువ 5 అయినట్లే, ప్రతి వాక్యమునకు సత్యమో అసత్యమో విలువ యగును. దీనిని శ్రోతలు ఇంట సాధన చేయవచ్చును. ముందుగా దేనిని గూర్చి మాటలాడుచున్నామో ఆ పరిధిని నిర్ణయింపుడు. 1, 2, 3 అని అంతులేక సాగు సంఖ్యలను గైకొనుడు. “ప్రతి సంఖ్యకు దానికంటె పెద్ద సంఖ్య కలదు” అనుట సత్యము. “అన్ని సంఖ్యలకంటెను పెద్ద సంఖ్య కలదు” అనుట అసత్యము. పరిధిని 1, 2, 3 లకు మాత్రమే కుదింపుడు. మొదటి వాక్యమును అసత్యమగును, 3 కంటె పెద్దది అచట లేదు గదా!

ఇక ‘లేదు’ సంగతి. “అందరు వచ్చిరి” అనుమాటను త్రోసిపుచ్చుటకు రాని పిల్లవాడు ఒక్కడు చాలును. “ఒకరైన వచ్చిరి” అనుమాటను త్రోసిపుచ్చుటకు అందరిని లెక్కింపవలెను. పిల్లలను గూర్చిన ఆ మొదటి వాక్యములో ఉన్నవి ఈ రెండు వేరు నిరాకరణములే.

ఫ్రేగెకు సుఖాంతము లేదు. గణితమంతయు తర్కముపై నిలుపవలెనని వ్రాసిన గ్రంథముయొక్క రెండవ సంపుటము ముద్రణలో నుండగా, 1902 జూన్ 16వ తేదీన రస్సెల్ వ్రాసిన ఉత్తరము వచ్చినది. తనకు తాను సభ్యము కాని సమూహములన్నింటి సమూహము తనకు తాను సభ్యమా, కాదా? ఏది చెప్పినను విరోధమే. ఫ్రేగె దానిని దాచలేదు. 1903లో వెలువడిన ఆ సంపుటమునకే అనుబంధము చేర్చి లోకమునకు తెలిపెను. కూలినది సమూహములను గూర్చిన ఆయన నియమము. పరిమాణవాచకముల తర్కము చెక్కుచెదరలేదు.

1930లో ప్రకటించిన వ్యాసమున గోడెల్ ఆ తర్కమున అన్ని విధముల సత్యమగు ప్రతి వాక్యమునకును నిరూపణము కలదని స్థాపించెను. 1936లో చర్చ్, ట్యూరింగ్ అనువారు వేరువేరుగా, ఏ వాక్యమునైనను పరీక్షించి అట్టిది అగునో కాదో తేల్చు యాంత్రిక పద్ధతి ఒకటి ఉండజాలదని చూపిరి. ఈ ఫలితమును గమనింపుడు: ప్రతి సత్యమునకు ఒక నిరూపణము కలదు, అన్నింటిని తేల్చు ఒకే పద్ధతి లేదు. 1970లో కాడ్ ఈ తర్కము ఆధారముగా కంప్యూటరులలో సమాచారమును అమర్చు విధానమును ప్రతిపాదించెను. నేడు బ్యాంకుల ఖాతాలు మొదలు రైలు టిక్కెట్ల వరకు అట్టి పట్టికలలోనే వెదకుచున్నారు.

చట్టపు నిబంధనను గాని, ఎన్నికల వాగ్దానమును గాని చదువునపుడు ఈ చరిత్ర అక్కరకు వచ్చును. “ప్రతి గ్రామమునకు ఒక వైద్యుడు” అన్నచో, గ్రామమునకొక వైద్యుడా, గ్రామములన్నింటికి ఒకే వైద్యుడా అని ముందుగా అడుగవలెను. సత్యాసత్యముల విచారణ ఆ తరువాతనే.